రెప్ప కదలని మధ్యాహ్నం

ఇప్పుడు చెంచా పట్టుకోగలను. చొక్కా పై రెండు గుండీలు నేనే పెట్టుకుంటాను. మిగతావి నా భార్య ఎస్తేరు పెడుతుంది. పెన్ను ఇంకా వేళ్ల మధ్య నిలవడం లేదు కాబట్టి ఈ మాటలు ఫోన్లో ఒక్క వేలితో కొడుతున్నాను. తొందరేమీ లేదు. ముప్పై ఏళ్లకు పైగా దినపత్రిక డెస్కులో గడియారం వైపు చూస్తూ బతికిన మనిషిని. ఈ ఆరు నెలల్లో ఆ భయం ఎటో పోయింది.

జరిగినదాన్ని ఒక వరుసలో పెట్టుకుంటే కాళ్ల కింద నేల కాస్త గట్టిగా తగులుతుందని రాస్తున్నాను. నాలాగే ఒక కాగితం రాసిపెట్టుకున్నవాళ్లు, రాసుకోవాలనుకుంటున్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు చదివితే మేలు.

కాగితం సంగతి ముందు చెప్పాలి. నేను రిటైరైన ఏడాది, డెస్కులో నా ఎదురు కుర్చీలో ఇరవై ఏళ్లు కూర్చున్న మిత్రుడు ఆసుపత్రిలో పడ్డాడు. బాగయ్యే జబ్బు కాదని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. గొంతులో గొట్టం. అది లాగేసుకోకుండా రెండు చేతులూ గుడ్డపట్టీలతో మంచానికి కట్టారు. నన్ను చూసి ఆయన కళ్లు మూసుకున్నాడు. పలకరింపు అనుకోలేదు నేను. ఇంట్లోవాళ్లు చాలనీ అనలేకపోయారు, ఇంకా కావాలనీ అనలేకపోయారు. పద్దెనిమిది రోజులు అలాగే గడిచాయి.

మన దేశంలో సూదిమందుతో పంపించెయ్యమని అడిగే హక్కు లేదు. ఉండాలా వద్దా అని ఎడిటరుకు వచ్చే ఉత్తరాలు ఎన్నో దిద్దాను. ఉండాలనే నా అభిప్రాయం, ఇప్పటికీ. కానీ బాగయ్యే ఆశ లేనప్పుడు యంత్రాలు వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కు ఉంది. సుప్రీంకోర్టే ఒప్పుకుంది. జీవన వీలునామా అంటున్నారు దాన్ని. ఇద్దరు సాక్షులు, నోటరీ సంతకం ఉండాలి.

తెలిసిన వకీలు ఒకాయన నమూనా ఇచ్చాడు. రెండు పేజీలు. చూడగానే నా చెయ్యి ఊరుకోలేదు. డెస్కులో కొత్తగా చేరిన వాళ్లకు మేం మొదట నేర్పేది ‘ఒకవేళ’, ‘అయిన పక్షంలో’, ‘అట్టి పరిస్థితిలో’ లాంటివి కొట్టెయ్యమనే. విషయం ముందుకు రావాలి, తోక తెగిపోవాలి. ‘వైద్యుల అభిప్రాయంలో కోలుకునే అవకాశం ఏమాత్రం లేని స్థితి ఏర్పడిన పక్షంలో’ అన్న వాక్యం కొట్టేశాను. యంత్రం మాట వచ్చిందంటే ఆశ లేదనే కదా అర్థం, మళ్లీ చెప్పడమెందుకు? నేను మాట్లాడలేని స్థితిలో నా తరఫున ఎవరు నిర్ణయించాలో రాసే గీత కూడా తీసేశాను. మాట అంత స్పష్టంగా ఉన్నప్పుడు నిర్ణయించేదేముంది? చివరికి మిగిలింది మూడు వాక్యాలు. నాకు ఊపిరి యంత్రం పెట్టవద్దు. గొట్టాలు వేయవద్దు. నన్ను ప్రశాంతంగా పోనివ్వండి.

నోటరీ చదివి, “ఇంతేనా సార్!” అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకున్నాను.

ఎస్తేరు బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. కాగితం రెండుసార్లు చదివి, “ఎప్పుడు, ఎట్లాంటప్పుడు అనేది లేదే ఇందులో,” అంది.

“అర్థమవుతుందిలే,” అన్నాను.

సాక్షి సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకడు నా తమ్ముడు జయరాజు. కృష్ణపట్నం పోర్టులో ఒక కంపెనీలో స్టోర్సు చూస్తాడు. మా చర్చిలో సంఘపెద్ద. చెప్పింది చెప్పినట్టు చేయడం వాడికి పుట్టుకతో వచ్చింది. ఒక కాపీకి లామినేషన్ చేయించి బ్యాగులో పెట్టుకున్నాడు. “వాన పడినా తడవదన్నా,” అన్నాడు.

అక్టోబరు

వాన పడింది. మా విడవలూరు వైపు పొలాల్లో గట్లు కనిపించనంత నీళ్లు. రెండు రోజులు కడుపు బాగాలేదు, తగ్గిపోయింది. వారం తరవాత ఒక ఉదయం చెప్పుల్లో ఇసుక పడ్డట్టు అనిపించింది. దులిపాను. ఇసుక లేదు. చెప్పులు విప్పినా పాదాల కింద ఇసుక అలాగే ఉంది.

మర్నాడు వాకిట్లో నడుస్తుంటే ఎస్తేరు వెనక నుంచి, “ఏమండీ, ఒక చెప్పు ఇక్కడే వదిలేసి పోతున్నారే!” అంది. ఊడిన సంగతి నాకు తెలియనే లేదు. సాయంత్రానికి మోకాళ్లు నావి కావు.

జయరాజు కారు మాట్లాడుకొచ్చాడు. పెన్నా వంతెన మీద నది నిండుగా ఎర్రగా పోతోంది. ఎస్తేరు నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు కనిపించింది గానీ తెలియలేదు. భయం కలగాల్సిన చోట నాకు ఒక మెత్తదనం కలిగింది. సముద్రం ఆటుకు వెనక్కి పోయేటప్పుడు తడి ఇసుక మెరుస్తుంది చూడండి, నా ఒళ్లంతా అలా మెరుస్తూ నా నుంచి వెనక్కి పోతోంది అనుకున్నాను.

నెల్లూరు ఆసుపత్రిలో ఆ జబ్బుకు ఒక విదేశీ పేరు చెప్పారు. ఒంట్లోని రక్షక సేన దారి తప్పి సొంత నరాల మీదనే పడుతుందట. కాళ్ల నుంచి పైకి ఎక్కుతుంది, ఎక్కడో ఒకచోట ఆగుతుంది, తరవాత మెల్లగా దిగుతుంది. ఆగేదాకా మనిషిని నిలబెట్టాలి, అంతే.

ఐసీయూ బయట హాల్లో ఎస్తేరు, జయరాజు ఐదు రోజులు ఇనప కుర్చీల్లో గడిపారు. అక్కడే కాంతమ్మ పరిచయమైంది. సముద్రం ఒడ్డున చేపలు పట్టుకు బతికే పట్టపువాళ్ల పల్లె ఆమెది. భర్త తలలో నరం చిట్లి నా మంచానికి రెండు మంచాల అవతల యంత్రం మీద ఉన్నాడు. కూర్చున్న చోటే చీర కొంగు పరిచి, ఎస్తేరుతో, “పడుకో అక్కా. నీ వాళ్లను పిలిస్తే నేను లేపతా. నా వాళ్లను పిలిస్తే నువ్వు లేపు,” అందట. అలా వంతులు వేసుకుని నిద్రపోయారు ఇద్దరూ.

ఐదో రోజు మధ్యాహ్నం

వాన తెరిపిచ్చింది. ఎదురు గోడ మీద కిటికీ ఆకారంలో ఎండ పడింది. మాట అప్పటికే పోయింది. ఊపిరి పైపైనే వస్తోంది. బావిలో చేద నీళ్లకు అందక ఊరికే ఊగుతున్నట్టు. చిన్న వయసు డాక్టరమ్మ ఎస్తేరును, జయరాజును లోపలికి పిలిచింది. యంత్రం పెట్టాలి, ఇప్పుడే, అంది.

జయరాజు బ్యాగులోంచి లామినేషన్ కాగితం తీశాడు.

“డాక్టరమ్మా, ఇది మా అన్న రాసింది. నేనే సాక్షి.”

ఆమె చదివింది. “ఇట్లాంటివి చావు తప్పదన్న రోగులకండీ. ఈయనది అట్లాంటి జబ్బు కాదు. కొన్ని వారాలు యంత్రం ఊపిరి తీస్తే చాలామంది లేచి నడుస్తారు.”

“ఆ మాట ఇందులో లేదే,” అన్నాడు జయరాజు. “యంత్రం వద్దు అని ఉండాది. అంతే ఉండాది.”

“కాగితం సంగతి వదిలేయండి. ఈయన తెలివిలో ఉన్నారు. తెలివిలో ఉన్న మనిషి వద్దంటే నేను పెట్టకూడదు. మాట రావడం లేదు కాబట్టి మీరే అడగండి. త్వరగా.”

“జయా, పక్కకు జరుగు,” అంది ఎస్తేరు.

“వదినా, అన్న మాట...”

“మీ అన్న మాట మీ అన్ననే అడుగుతా. జరుగు.”

నా ముఖం మీదికి వంగింది. “ఏమండీ. యంత్రం పెడతారంట. బాగవుతారంట. సరే అంటే ఒకసారి రెప్ప వేయండి. వద్దంటే కళ్లు అట్లాగే తెరిచి ఉంచండి.”

ఆమె గొంతు ఒడ్డు మీద నుంచి వచ్చినట్టుంది. నేను మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, లోపలికి లాగుతున్నాయి, ఆ లాగడంలో బలవంతం లేదు. నేను జవాబు చెప్పాను. ఏం చెప్పానో కాసేపాగి చెబుతాను.

ఎస్తేరు లేచి నిలబడింది. “వేసినారు. రెప్ప వేసినారు డాక్టరమ్మా,” అంది.

నవంబరు

నెల రోజులకు పైగా నా బదులు ఒక యంత్రం ఊపిరి తీసింది. ఆ రోజుల్ని వరుసగా చెప్పలేను. పైకప్పు మీద పడవలు తిరగేసి ఆరబెట్టి ఉండేవి. సెలైన్ సీసాలో సన్నటి చేపపిల్ల ఒకటి ఈదేది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదని దిగులుగా ఉండేది. చనిపోయిన నా మిత్రుడు వచ్చి మంచం అంచున కూర్చుని ప్రూఫులు దిద్దుకునేవాడు. నా వైపు చూసేవాడు కాదు. పిలుద్దామంటే గొంతులో గొట్టం.

ఆ కలల్లోంచి నన్ను రోజుకొకసారి గట్టుకు చేర్చింది ఒక నర్సమ్మ. పొద్దున డ్యూటీకి రాగానే నా పెదాలకు కొబ్బరినూనె రాసి, “సార్, ఈ రోజు శనివారం. బయట ముసురు. మీ ఇంటామె రెండు ఇడ్లీలు తిన్నాది, నేను చూసినా,” అని చెప్పేది. మందుల పేర్లు ఒక్కటీ గుర్తు లేవు. ఎస్తేరు ఏ రోజు ఏం తిన్నదో గుర్తుంది.

ఒక ఉదయం కలలు లేవు. రెండు మంచాల అవతల మాటలు స్పష్టంగా వినపడ్డాయి.

“బాగవుతాడా సార్?” కాంతమ్మ గొంతు.

“లేదమ్మా. మెదడు చాలావరకు పోయింది. ఈ యంత్రం ఉన్నన్నాళ్లు ఉంటాడు,” పెద్ద డాక్టరు గొంతు.

“అయితే ఉండేది యంత్రమే గదా సార్. ఆయన గాదు.”

ఫైలు మూసిన చప్పుడు.

“ఇంటికి తీసకపోతా సార్. గొట్టాల్లో ఉంచబాకని నాకు చెప్పినాడు. సముద్రం మోత ఇనపడే చోట పడుకోబెడతా.”

రెండు రోజులు సంతకాలు, డాక్టర్ల మాటలు, చుట్టాల ఏడుపులు, ఒక మరిది తిట్లు. “మొగుణ్ని చేతులారా చంపుకుంటావా!” అన్నాడు అతను. ఆమె, “నువ్వు వచ్చి చూసింది ఎన్ని రోజులయ్యా?” అంది. స్ట్రెచరు నా పక్క నుంచి వెళ్లేటప్పుడు ఆమె ఆగి నా పాదం మీద చెయ్యి పెట్టింది. “నువ్వు బాగై రా అన్నా,” అంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. కాళ్లకు వెచ్చదనం తెలియడం అదే మొదలు.

జనవరి

ఇంటికి వచ్చాను. చక్రాల కుర్చీ, తరవాత నాలుగు కాళ్ల స్టాండు. జయరాజు రోజూ వచ్చేవాడు గానీ వరండా దాటేవాడు కాదు. నాతో మాట్లాడి, నా కాళ్లు వంచి చాపి, వెళ్లిపోయేవాడు. వదిన కాఫీ తెస్తే వద్దనేవాడు. ఒకరోజు అడిగాను, ఏందిరా ఇది అని.

“అన్నా, నేను మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉండా. నువ్వు రెప్ప వేయలా. వదిన అబద్ధం చెప్పింది. నువ్వు బతికినావు, దేవునికి స్తోత్రం. కానీ నేను సాక్షి సంతకం పెట్టినోణ్ని గదా.”

“అంటే నేను పోయుంటే నీ సంతకం నిలబడేదంటావు.”

“అట్టా అనబాకన్నా,” అని యాభై ఎనిమిదేళ్లవాడు ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. సరదాకి అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది. ఆ మూడు వాక్యాలు రాసి వాడి చేతిలో పెట్టింది నేనే.

వాడు వెళ్లాక వంటింటి గుమ్మం దాకా స్టాండు జరుపుకుంటూ వెళ్లాను. ఎస్తేరు పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది.

“ఆ రోజు నేను రెప్ప వేశానా?”

చేతులు ఆగలేదు. “లేదు.”

“మరి?”

“అప్పటికే ముఖం కూడా పడిపోయిందంట. వేయాలనుకున్నా పడేది కాదని డాక్టరమ్మ తరవాత చెప్పింది. నాకు అప్పుడు ఆ సంగతి తెలీదు. మీరు వేయలేదు, నేను చూసినా. వేసినారని చెప్పినా.”

స్టాండు మీద బరువు వేసి నిలబడ్డాను. “నేను వద్దన్నాను ఎస్తేరూ. లోపల. వద్దు, పోనివ్వు అన్నాను.”

ఆమె ఒలుస్తున్న రొయ్యను గిన్నెలో వేసింది. ఇంకొకటి తీసుకోలేదు. “తెలుసు,” అంది.

“ఎట్లా తెలుసు?”

“మీకు భయమేస్తే మొదట వచ్చే మాట వద్దు. కంటి ఆపరేషన్ వద్దన్నారు. హైదరాబాదు ట్రాన్స్‌ఫరు వద్దన్నారు. పెళ్లిచూపులకు వచ్చి నన్ను కూడా వద్దన్నారంట, అత్తమ్మ చెప్పింది.”

నవ్వు రావాలి. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. నా చావు నాది అని జీవితమంతా వాదించిన మనిషిని. దాన్ని నా చేతిలోంచి లాక్కుని, లాక్కోలేదని చెప్పింది. ఆమె అలా లాక్కుంది కాబట్టే ఆ సాయంత్రం రొయ్యల పులుసు వాసన నా ముక్కుకు తగిలింది, ఆకలేసింది. ఈ రెండూ నిజమే. ఒకదానితో రెండోదాన్ని కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. మూడో రోజున కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను, అంతే.

మార్చి

కాంతమ్మను చూడాలని ఎస్తేరే అంది. కారులో వెళ్లాం. ఇసుకలో చక్రాలు దిగబడతాయని పల్లె మొదట్లోనే ఆపారు. అక్కడి నుంచి ఇద్దరు మనుషులు నన్ను కుర్చీతో సహా ఎత్తుకుని తీసుకెళ్లారు, వలల మీద నుంచి, ఎండుచేపల పట్టాల పక్క నుంచి. ఎండ, ఉప్పు గాలి, నేలకు అడుగు ఎత్తున తేలిపోతూ నేను. ఇంకా ఆ నవంబరు కలల్లోనే ఉన్నానేమో అని ఒక్క క్షణం అనిపించింది.

కాంతమ్మ నన్ను చూసి, “ఏందన్నా, పెళ్లికొడుకులా మోయించుకోని వస్తాండావు!” అంది.

చెప్పింది. ఇంటికి తీసుకొచ్చాక భర్త మూడు రోజులు ఉన్నాడట. నొప్పి తెలియకుండా ఊళ్లో ఆరెంపీ డాక్టరు వచ్చి సూది వేసి పోయేవాడట. “పడవలు ఒడ్డుకొచ్చే పొద్దు. అందరూ చేపలకాడికి ఉరికినారు. నేనూ ఆయనే ఉండాం. ఒక ఊపిరి తీసినాడు. ఇంకోటి తీస్తాడని చూసినా. తీయలా.”

ఎస్తేరు అడిగింది, “తప్పు చేసినానని ఎప్పుడన్నా అనిపించిందా కాంతమ్మా?”

“అనిపిస్తాది గదక్కా. అన్నం వండేటప్పుడు అనిపిస్తాది, ఇంకో వారం ఉంచాల్సిందేమోనని. వాళ్ల నాయన్ని గొట్టాల్లో చూసినాడు ఆయన. వల బాగుచేస్తా చేస్తా నాకు చెప్పినాడు, ఒకసారి గాదు. మాకు కాగితాలు యాడివి? మాటే. దాన్ని కూడా నేను ఇనకపోతే, ఇంకెవురింటారు?”



ఏప్రిల్

వకీలు దగ్గర నమూనా మళ్లీ తెప్పించాను. ఈసారి ఏదీ కొట్టేయలేదు. బాగయ్యే జబ్బయితే నా భయాన్ని నా నిర్ణయంగా తీసుకోవద్దని ఇంకో వాక్యం చేర్పించాను కూడా. ఇలాంటి కాగితం రాసుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పొడుగ్గా రాయండి. ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు అడిగిన ప్రశ్నకు ‘అర్థమవుతుందిలే’ అనకండి.

నా తరఫున నిర్ణయించేది ఎవరన్న గీత దగ్గర ఆగాను.

“జయరాజు పేరు రాయండి,” అంది ఎస్తేరు. “వాడు చెప్పింది చెప్పినట్టు చేస్తాడు.”

“నీ పేరు రాస్తాను.”

“నేను అబద్ధం చెప్పినదాన్ని.”

“బాగయ్యేదైతే మళ్లీ చెప్పు. బాగవనిదైతే చెప్పొద్దు.”

ఆమె లేచి వెళ్లిపోయింది. పదకొండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పన్నెండో రోజు నా గోళ్లు తీస్తూ, “రాయండి నా పేరు,” అంది. ఎందుకని అడిగాను. “ఆ రోజు మీ కళ్లలో వద్దు అనేది చూసి కూడా కాదన్నా. అది ఒకసారికే. రెండోసారి చూసి కాదనలేను,” అంది. తల ఎత్తలేదు.

నోటరీ దగ్గర నేను వేలిముద్ర వేశాను. జయరాజు మళ్లీ సాక్షి. “ఈసారి మూడు పేజీలుందే అన్నా,” అన్నాడు.

“చదివి పెట్టరా సంతకం.”

చదివాడు, ప్రతి వాక్యం కింద వేలు పెట్టుకుని. వదిన పేరు దగ్గర కాసేపు ఆగాడు. పెట్టాడు. ఇంటికొచ్చాక వరండా దాటి లోపలికి వచ్చి కూర్చుని, “వదినా, కాఫీ ఇస్తావా?” అన్నాడు.

వాడు వెళ్లాక ఎస్తేరు ఇంకో నమూనా తెచ్చి నా ముందు పెట్టింది. ఖాళీది. వకీలు దగ్గర రెండు అడిగి తెచ్చుకుందట.

“ఇది నాది. బాగవనిదైతే నాకూ యంత్రాలొద్దు, గొట్టాలొద్దు. మీ పేరు రాస్తాను. మీరు చేస్తారా?”

కాగితం వైపు చూశాను. హక్కు గురించి ఎన్ని ఉత్తరాలు దిద్దానో చెప్పాను కదా. అన్ని వాదాలూ నాకు కంఠతా వచ్చు. ఆమె తల్లోని తెల్ల వెంట్రుకలు ఫ్యాను గాలికి కదులుతున్నాయి. ఆమె ముక్కు మీద కళ్లజోడు గుంటలు రెండు. ఈ మనిషి ఊపిరిని నా మాటతో ఆపమంటోంది. నా నోటికి మొదట వచ్చిన మాట వద్దు. దాన్ని మింగాను.

“ఆలోచించుకోవాలి,” అన్నాను.

ఎస్తేరు నవ్వింది. చాలా నెలల తరవాత పళ్లు కనిపించేలా నవ్వింది.

“ఇప్పుడు తెలిసిందా!” అంది. కాగితం నా ముందే వదిలేసి, ఆరిన బట్టలు తీయడానికి డాబా ఎక్కింది.